ఎరుగని అప్పు – అడుగవలసిన ఋజువు

ఇంటిపన్ను, వీధిదీపము, మంచినీటి కుళాయి మున్నగు వ్యవహారములతోపాటు ఈ కాలమున మరియొక తగాదా పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చుచున్నది. ఒక గృహస్థునికి అకస్మాత్తుగా ఫోను వచ్చును. లేదా వసూలు ఏజెంట్లు ఇంటి వాకిట నిలుతురు. "మీ పేర 40,000 రూపాయల బాకీ యున్నది, వడ్డీతో 60,000 అయినది, రేపటిలోగా కట్టవలెను" అని గద్దింతురు. ఆ గృహస్థుడు ఆ కంపెనీ పేరైనను ఎరుగడు. నలుగురిలో పరువు పోవునను భయముతో సభ్యుని ఆశ్రయించును. అట్టివానికి మనము చెప్పవలసిన దేమి?

ఒత్తిడి యెంతటి ముప్పు తెచ్చునో మన ప్రాంతమునకు తెలియనిది కాదు. సూక్ష్మ ఋణముల వసూళ్ళకు తాళలేక పలువురు ప్రాణములు తీసికొనిరను వార్తల నడుమ, 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీ చేయవలసి వచ్చెను. కావున ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు.

అప్పు ఎవరిది?

మొట్టమొదట సత్యము విచారింపవలెను. కంపెనీ పేరు క్రొత్తదైనంత మాత్రమున అప్పు అబద్ధము కాదు. 2002 నాటి చట్టము ననుసరించి బ్యాంకులు తమ మొండిబాకీలను వేరు కంపెనీలకు అమ్మవచ్చును. ఎన్నడో స్నేహితునికి జామీను సంతకము చేసియుండవచ్చును. జామీనుదారుడు కూడ బాధ్యుడే. తండ్రిగారి అప్పు అయియుండవచ్చును. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే దానికి బాధ్యులు, అంతకు మించి కాదు.

ఇవేవియు కానిచో రెండు అనుమానములు మిగులును. ఒకే పేరుగల ఇద్దరిలో ఒకరి బాకీ మరియొకరికి అంటగట్టబడి యుండవచ్చును. లేదా సిమ్ము కార్డు కొరకో మరి దేనికో ఇచ్చిన ఆధారు, పాను నకళ్ళతో ఎవరో అప్పు తీసికొని యుండవచ్చును. ఇది తెలిసికొనుటకు ఋణ సమాచార నివేదిక సాధనము. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలును సంవత్సరమున కొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలెను. ఊరిలో చదువుకొన్న యువకుడెవరైనను దీనిని తెప్పించి పెట్టగలడు.

వ్రాతమూలకముగా అడుగుడు

అప్పు ఉన్నదనువాడే ఋజువు చూపవలెను. 1872 నాటి సాక్ష్య చట్టము స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను ఈ సూత్రము మారలేదు. కావున ఫోనులో వాదులాడక, అప్పిచ్చినదని చెప్పబడు సంస్థకు ఈ విధముగా లేఖ వ్రాయవలెను:

"మీ తరఫున ఫలానా తేదీని ఫలానా వ్యక్తి నా వద్దకు వచ్చి బాకీ కట్టుమనెను. ఈ అప్పు నేనెరుగను, అంగీకరింపను. ఒప్పందపు నకలు, సొమ్ము ఏ ఖాతాలో ఏనాడు జమయ్యెనో చూపు పత్రము, జమాఖర్చుల లెక్క, అప్పు మీకు బదలాయింపబడి యున్నచో ఆ పత్రము, ఏజెంటుకు మీరిచ్చిన అధికారపత్రము పంపవలెను. ఋజువు పంపువరకు వసూలు ప్రయత్నము నిలుపవలెను."

లేఖను స్పీడు పోస్టులో పంపి రశీదును, నకలును భద్రపరుపవలెను. సంస్థ 30 దినములలో బదులీయకున్నను, ఇచ్చిన బదులు సంతృప్తికరము కాకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును, రుసుము లేదు. 14448 నంబరునకు ఫోను చేసి వివరములు తెలిసికొనవచ్చును. నివేదికలోని తప్పుపై ఋణ సమాచార సంస్థకు వేరుగా ఫిర్యాదు చేయవలెను. అది 30 దినములలో పరిష్కారము కానిచో, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమను నియమము 2024 ఏప్రిలు 26 నుండి అమలులోనికి వచ్చెను. దొంగ సంతకము, దొంగ పత్రముల అనుమానమున్నచో పోలీసు ఠాణాలోను ఫిర్యాదు నమోదు చేయింపవలెను.

తొందరపాటు రాజీ వలదు

ఇచ్చట సభ్యులు మిక్కిలి జాగరూకులై యుండవలెను. "సగమో పాతికో ఇచ్చి తెగతెంపులు చేసికొనుడు" అనుట మన రచ్చబండ అలవాటు. గట్టు తగాదాలో అది మేలు చేయవచ్చును. ఎరుగని అప్పులో అది కీడు. సామాన్యముగా అప్పు దావాకు మూడు సంవత్సరముల గడువు కలదు. ఆ గడువులోగా "బాకీ ఉన్నాను" అని సంతకము చేసినచో, లేదా కొంత చెల్లించి కాగితముపై సంతకము పెట్టినచో, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము గడువు తిరిగి మొదలగును. గడువు దాటిన బాకీని సైతము కట్టుదునని వ్రాసి యిచ్చినచో అది క్రొత్త ఒప్పందమగును. కనుక ఋజువు చూడక ఒక్క రూపాయియు ఈయరాదు, ఒక్క సంతకమును చేయరాదు. లోక్ అదాలతులోను ఇదే జాగ్రత్త అవసరము; అచట కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు.

ఏజెంటు వచ్చినపుడు, కోర్టు పిలిచినపుడు

ఏజెంటు గుర్తింపు కార్డును, అధికారపత్రమును చూపవలెను. ఉదయము 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదని, బెదిరింపులు, అవమానములు కూడవని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించెను. తాకట్టు లేని అప్పునకు కోర్టు ఉత్తరువు లేక ఇంటి సామానుపై చేయివేయు అధికారము ఎవరికిని లేదు.

అయితే కోర్టు సమను వచ్చినచో ఉపేక్షింపరాదు. అప్పు మనది కాదను ధీమాతో ఇంట కూర్చున్నచో ఏకపక్ష డిక్రీ రావచ్చును. సమను అందిన 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, ఆదాయ పరిమితికి లోబడినవారికి 1987 నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము కలదు. అందుకు 15100 నంబరునకు ఫోను చేయవచ్చును.

సభ్యుల కర్తవ్యము

అప్పు నిజమో కాదో తీర్పు చెప్పు అధికారము పంచాయతీకి లేదు. కాని బాధితుని ఒంటరిగా విడువకుండుట మన చేతిలోని పని. ఏజెంటు వచ్చిన తేదీని, వేళను, పేరును, అన్న మాటలను కాగితముపై వ్రాయింపవలెను. లేఖ వ్రాయుటకు తోడ్పడవలెను. భయపడిన కుటుంబమునకు ధైర్యము చెప్పవలెను. నిజముగా తీసికొన్న అప్పు తీర్చుట ధర్మము. తీసికొనని అప్పునకు ఋజువడుగుట హక్కు. ఈ రెండింటిని గ్రామస్థులకు తెలియజెప్పిననాడు గద్దింపులకు లొంగి సొమ్ము పోగొట్టుకొనువారు మన ఊళ్ళలో తగ్గుదురు.