'నుంచి' అనే మాటకు ఇంగ్లీషులో ఏమి రాయాలి?

"సోమవారం నుంచి జ్వరం" అంటాం. "మూడు రోజుల నుంచి జ్వరం" అని కూడా అంటాం. తెలుగులో రెండు చోట్లా 'నుంచి' సరిపోతుంది. ఇంగ్లీషులో మొదటి దానికి 'సిన్స్', రెండవ దానికి 'ఫర్' వాడాలి. ఈ తేడా తెలియక చాలామంది "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని రాస్తారు. బాగా చదువుకున్నవారి నోట కూడా ఈ వాక్యం వినిపిస్తుంది. ఇందులో తప్పులు రెండు.

మొదటిది 'సిన్స్'. పని ఎప్పుడు మొదలైందో చెప్పేటప్పుడే 'సిన్స్' వస్తుంది: సిన్స్ మండే, సిన్స్ 2019, సిన్స్ చైల్డ్‌హుడ్. ఎంతకాలం గడిచిందో చెప్పడానికి 'ఫర్' కావాలి: ఫర్ త్రీ డేస్, ఫర్ ఫైవ్ ఇయర్స్.

దీనికి తెలుగులోనే ఒక కిటుకు ఉంది. 'నుంచి' తీసివేసి 'గా' పెట్టి చూడండి. "ఐదేళ్ళ నుంచి" అనే చోట "ఐదేళ్ళుగా" అనవచ్చు. కనుక 'ఫర్'. "సోమవారంగా జ్వరం" అని ఎవరూ అనరు. కనుక 'సిన్స్'. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. "రెండు గంటల నుంచి వాన" అంటే రెండు అర్థాలున్నాయి. వాన రెండింటికి మొదలైతే "సిన్స్ టూ ఓ క్లాక్". రెండు గంటలుగా పడుతోందని మీ భావమైతే "ఫర్ టూ అవర్స్".

రెండవ తప్పు క్రియలో ఉంది. "పని చేస్తున్నాను" కాబట్టి "ఐ యామ్ వర్కింగ్" అని మనకు తోస్తుంది. కాని వెనుక మొదలై ఇప్పటికీ సాగుతున్న పని ఎంతకాలంగా సాగుతోందో చెప్పాలంటే "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలి. హి, షి, ఇట్ ఉంటే 'హాజ్ బీన్'.

ఉద్యోగ దరఖాస్తులో ఇది చిన్న విషయం కాదు. "ఐ వర్క్‌డ్ ఇన్ ఎ రైస్ మిల్ ఫర్ ఫోర్ ఇయర్స్" అని రాశారనుకోండి. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కాని మీరు ఆ మిల్లు మానేశారని చదివినవారు అనుకుంటారు. ఇప్పటికీ అక్కడే ఉంటే "హావ్ బీన్ వర్కింగ్" అనే రాయండి.

'బై', 'అంటిల్' కూడా ఇలాగే తికమక పెడతాయి. ఇక్కడ తెలుగు మనకు సాయం చేస్తుంది. 'లోగా' అనే చోట 'బై', 'దాకా' అనే చోట 'అంటిల్'. "పే ద ఫీ బై జూన్ 15" అంటే ఆ తేదీలోగా ఎప్పుడైనా ఒకసారి కట్టాలి. 15వ తేదీన కట్టినా చెల్లుతుంది. "ద ఆఫీస్ ఈజ్ ఓపెన్ అంటిల్ ఫైవ్" అంటే ఐదింటిదాకా తెరిచే ఉంటుంది.

అభ్యాసం: ఖాళీలలో సిన్స్, ఫర్, బై, అంటిల్ లలో సరైనది రాయండి.
1. షి హాజ్ బీన్ లివింగ్ ఇన్ గుంటూర్ ____ హర్ మ్యారేజ్.
2. వి హావ్ బీన్ వెయిటింగ్ ____ ఎ లాంగ్ టైమ్.
3. ప్లీజ్ రిటర్న్ ద బుక్ ____ సాటర్‌డే.
4. వెయిట్ హియర్ ____ ఐ కమ్ బ్యాక్.

జవాబులు: 1. సిన్స్ 2. ఫర్ 3. బై 4. అంటిల్