బంకమట్టికి బలమిచ్చే బూడిద

విద్యార్థులారా! మన పూర్వులు విడిచి వచ్చిన తెలుగునాట నల్లరేగడి నేలలు విస్తారం. పత్తిపైరుకు ఆ నేల వరమే గాని, ఇంటి పునాదికి శత్రువు. ఏలనగా దాని రేణువులు పలుచని రేకుల వంటివి. వాటి నడుమ నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది. ఆరితే కుంచించుకొని బీటలు వారుతుంది. పైనున్న గోడ చీలుతుంది.

అట్టి మట్టిలో సున్నం కలిపితే రేకులు గుత్తులు కట్టి, ఉబ్బు తగ్గుతుంది. వడ్ల ఊకను కాల్చిన బూడిద తోడైతే మరీ మేలు. ఆ బూడిదలో అధికభాగం సిలికా. తడి తగిలినప్పుడు అది సున్నంతో కలిసి, సిమెంటు వంటి బంధకమై, వారాల తరబడి గట్టిపడుతుంది. సున్నం లేని బూడిదకు ఆ శక్తి లేదు. మన మలేసియాలో పామాయిల్ మిల్లుల బూడిదను సైతం పరిశోధకులు ఇందుకై పరీక్షించారు.

సున్నం చర్మాన్ని, కన్నులను కాలుస్తుంది, మీరు ముట్టరాదు. తడి బంకమట్టిని మాత్రం పళ్లెంలో పరచి ఎండబెట్టి, బీటలు ఎన్ని పడ్డవో లెక్కించి వ్రాయండి.