కొయ్య రైలుబండి: వస్తుసేకరణము, పదసేకరణము

పిల్లలు దారము కట్టి నేలమీద ఈడ్చుకొనిపోవు కొయ్య రైలుబండి సామాన్యముగా పండితుల దృష్టికి ఆనదు. కావ్యమునకును శాసనమునకును లభించిన గౌరవము ఆటవస్తువునకు లభింపలేదు. కాని భారతీయ వాఙ్మయములో ఆటబండికి స్థానము లేకపోలేదు. శూద్రకుని మృచ్ఛకటికమునకు ఆ పేరే ఒక మట్టిబండి వలన వచ్చినది. చారుదత్తుని కుమారుడగు రోహసేనుడు పొరుగు బాలుని బంగారుబండిని చూచి తన మట్టిబండిని ఒల్లక యేడ్చుటయు, వసంతసేన తన నగలను ఆ మట్టిబండిలో నింపుటయు కథను మలుపు త్రిప్పిన ఘట్టము. అంతకు ఎన్నో శతాబ్దులకు పూర్వమే హరప్పా, మొహెంజొదారో నగరములలో కాల్చిన మట్టితో చేసిన చిన్నబండ్లు ఉండినట్లు త్రవ్వకములు తెలుపుచున్నవి. కొయ్య రైలుబండి ఆ వంశమున కడగొట్టు బిడ్డ. దానిని సేకరించువారు నేడు పెరుగుచున్నారు. ఆ సేకరణము భాషాశాస్త్రమునకు ఎట్లు ఉపకరింపగలదో, ఏ లోపము వలన ఉపకరింపక పోవుచున్నదో పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడచినది. దక్షిణమున 1856లో మద్రాసు రాయపురము నుండి వాలాజా మార్గము వరకు రైలుదారి తెరవబడినది. క్రొత్త వస్తువు వచ్చినప్పుడు జనులు దానికి పేరు పెట్టిన తీరు గమనింపదగినది. తమిళులు పుగైవండి యనిరి. మలయాళులు తీవండి యనిరి. కన్నడిగులు ఉగిబండి యనిరి. మహారాష్ట్రులు ఆగగాడీ యనిరి. తెలుగున పొగబండి యనియు, గ్రంథభాషలో ధూమశకటమనియు వాడుక యేర్పడినది. పొగ, నిప్పు, ఆవిరి అను మూడింటిలో ఒకదానిని ప్రతిభాషయు పట్టుకొన్నది. ఈ పేళ్లలో ఇనుపదారి ప్రసక్తి లేదు. రైలుబండి, రేల్‌గాడీ అను మిశ్రసమాసములలో మాత్రమే ఆ దారి పరభాషాపదరూపమున వచ్చి చేరినది. చూపరుల కన్నులకు మొదట తట్టినది పొగగొట్టమే యని ఈ నామములు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఈ సాక్ష్యమునే కొయ్యబొమ్మ మరియొక విధమున ఇచ్చుచున్నది. ఆంధ్రదేశమున వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక యందును, కర్ణాటకమున బెంగుళూరు మైసూరుల నడుమనున్న చన్నపట్టణమునందును లక్కబొమ్మల పని ప్రసిద్ధము. రెండుచోట్ల వాడు కొయ్య ఒక్కటే. తెలుగున దానిని అంకుడు అందురు. కన్నడమున ఆలె మర అందురు. ఈ తెల్లని మెత్తని కొయ్యను తరిమెనపై ఎక్కించి త్రిప్పుచు ఉలితో చెక్కుదురు. పూర్వము తరిమెనను చేతితో త్రిప్పుచుండిరి. ఇప్పుడు విద్యుత్తు త్రిప్పుచున్నది. కొయ్య తిరుగుచుండగా రంగు కలిపిన లక్కకడ్డీని దానికి అదిమిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు అంటుకొనును. పిదప మొగలియాకుతో అదిమి మెరుగు తెత్తురు. సంస్కృత లాక్షా శబ్దము ప్రాకృతము మీదుగా తెలుగున లక్కయైనది. ఆ లక్క పిల్లల చిట్టివంటపాత్రలకు లక్కపిడతలను పేరిచ్చినది.

తరిమెన గుండ్రని రూపములనే యీయగలదు. ఆవిరియంత్రపు బొమ్మకు కావలసినవియు అవియే. నీటితొట్టి అడ్డముగా పరుండబెట్టిన దుంగవంటిది, పొగగొట్టము చిన్నస్తంభము, చక్రములు బిళ్లలు, కిటికీలో కానవచ్చు మనిషి తల గోళము. పీఠమునకు మాత్రము రంపముతో కోసిన పలక చాలును. డీజిలు యంత్రము, విద్యుద్యంత్రము పెట్టెయాకారము కలవి. వానిని చేయుటకు తరిమెన పనికిరాదు, రంపమును చిత్రికయు కావలెను. భారతదేశమున చిత్తరంజన్ కర్మాగారము 1972లో ఆవిరియంత్రముల నిర్మాణము మానినది. పెద్దపట్టాల దారిపై 1995 డిసెంబరులో ఆవిరిబండ్ల నిత్యసేవ ముగిసినది. కాని బొమ్మబండికి పొగగొట్టము పోలేదు. దీనికి కారణములు రెండు. పనిముట్టు స్వభావము ఒకటి. పొగబండి యను పేరు మనస్సున నిలిపిన ఆకృతి రెండవది. ఒకటి చేతికి సంబంధించినది, ఒకటి నోటికి సంబంధించినది. వస్తువును మాత్రమే చూచువారికి మొదటిది తోచును. పదమును మాత్రమే చూచువారికి రెండవది తోచును. రెండును కలిపి చూచినగాని విషయము పూర్తికాదు.

బొమ్మబండి అవయవముల పేళ్లలో రెండు పొరలు కానవచ్చును. ఇరుసు, చీల, చక్రము అనునవి ఎడ్లబండినుండి వచ్చినవి. వీనిలో ఇరుసు దక్షిణభాషలకు ఉమ్మడి సొత్తు. తమిళ, కన్నడ, మలయాళములందును దానికి సజాతీయరూపములు కలవు. ఇంజను, గార్డు అనునవి ఇనుపదారితో వచ్చినవి. నడుమ పెట్టె యను అచ్చతెనుగు మాట నిలిచినది. బట్టలు దాచుకొను పెట్టె మనుష్యులు కూర్చుండు పెట్టెయైనది. ఇట్లు పాతబండి పదములు క్రిందిభాగమునకును, క్రొత్తబండి పదములు పైభాగమునకును అమరియుండుట గమనింపదగినది. ఇరుసు లేని బండి లేదు గనుక ఆ పేరు మారవలసిన యవసరము కలుగలేదు. ఇంజనునకు సరియగు వస్తువు పూర్వము లేదు గనుక పేరును వస్తువుతోనే వచ్చినది.

పాశ్చాత్యదేశములలో ఇట్టి బొమ్మల సేకరణము ఉత్పత్తిదారుని పేరుపై ఆధారపడియున్నది. స్వీడనులోని ఓస్బీ గ్రామపు బ్రియో సంస్థ 1958లో కొయ్యపట్టాల రైలును వెలువరించెను. అమెరికాలో 1930లో స్థాపింపబడిన ఫిషర్ ప్రైస్ సంస్థ కొయ్యపై అచ్చుకాగితము అంటించి లాగుడుబొమ్మలను చేసెను. అట్టి బొమ్మలపై సంస్థ పేరును, మాదిరి సంఖ్యయు కానవచ్చును. వానినిబట్టి కాలనిర్ణయము చేయుదురు. మన బొమ్మలపై పేరు వ్రాయు ఆచారము అరుదు. కావున ఇచట కాలమును, స్థలమును నిర్ణయించుటకు కొయ్య, పనితీరు, రంగు, పేరు అను నాలుగే ఆధారములు. మొదటి మూడు వస్తువులో ఉండును. నాలుగవది చేసినవాని నోటిలో ఉండును; అడిగి వ్రాసికొననిచో అది అతనితోనే పోవును.

వస్తుగతమగు ఆధారములను కాపాడుటలోను పొరపాట్లు జరుగుచున్నవి. పాతబండికి క్రొత్తరంగు పూయించుట వానిలో పెద్దది. తరిమెనపై అంటిన లక్క కొయ్య చుట్టును సన్నని వలయములుగా కానవచ్చును; కుంచెతో పూసిన రంగులో కుంచెజాడ నిలుచును. ఈ భేదమే బొమ్మ పుట్టిన పద్ధతిని తెలుపును. పైపూత దానిని మరుగుపరచును. స్పిరిటుతో తుడుచుట అంతకంటె హానికరము, లక్క దానిలో కరగును గనుక. పొడిగుడ్డ చాలును. ఎండతగులుచోట ఉంచినచో ఆకుల, గింజల రంగులు వెలిసిపోవును. మెత్తనికొయ్యకు పురుగుభయము కలదు. ఒకవైపు అరిగిన చక్రము, ముడివేసిన దారము, మార్చిన చీల బిడ్డ ఆడుకొన్న జాడలు, వానిని సవరింపరాదు. పాత తైలవర్ణములలో సీసముండు అవకాశము కలదు. భారతదేశమున గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరునుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. కావున అట్టి పాతబొమ్మలను శిశువుల చేతికి ఈయక బీరువాలో నుంచుట మేలు.

ఏటికొప్పాకలో పసుపు, నీలి, జాఫ్రాగింజలు మొదలగు వానితో సహజవర్ణములను తిరిగి వాడుకలోనికి తెచ్చుటకై కృషిచేసిన సి.వి. రాజుగారిని 2023లో భారతప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది. ఆ గ్రామపు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వస్తువునకు రక్షణ కలిగినది. రంగునకు పునరుద్ధరణ కలిగినది. పనివారి పలుకుబడికి అట్టి రక్షణ ఇంకను కలుగవలసియున్నది. తరిమెన పట్టిన చేతితోపాటు అతడు ఉలికి, లక్కకడ్డీకి, చెడిన వంపునకు పెట్టుకొన్న పేళ్లును వృత్తిలో భాగమే. వృత్తిపదకోశ నిర్మాణమునకు ఇవి మూలద్రవ్యము.

కావున బొమ్మను సేకరించునపుడు ప్రతిదానికి ఒక పత్రము వ్రాసియుంచుట కర్తవ్యము. కొయ్య పేరు, కొన్న స్థలము, సంవత్సరము, కొలతలు మొదట వ్రాయవలెను. పిదప చేసినవారు, అమ్మినవారు, ఆడుకొన్నవారు దానిని ఏమని పిలిచిరో మూడును వేర్వేరుగా, ఉచ్చారణ చెడకుండ వ్రాయవలెను. ఆ మూడు పేళ్లు ఒక్కటి కాకపోవచ్చును. కాకపోవుటయే పరిశోధకునకు లాభము. ఒకే అంకుడు కొయ్యతో ఒకే యాకృతిని చేయు రెండు సీమల పనివారి మాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, ఏ మాట వృత్తితో ప్రయాణము చేసినదో, ఏది ఇంటిభాషనుండి వచ్చినదో తేలును. ఈ పని యొక భాషాశాఖవలన కాదు. తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ శాఖలు కలసి చేయవలసినది. పేరు లేని బండి బీరువాలో ఎంత భద్రముగానున్నను సగము పోయినట్లే యని గుర్తించుట ఆ పనికి మొదటి మెట్టు.