రూమ్ హీటర్ ప్రకటనలు: నమ్మే ముందు లెక్క చూద్దాము



అరకు, లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతాల్లోనే కాదు, చలి పెరిగితే ఎక్కడైనా పసిబిడ్డ, వృద్ధులు ఉన్న ఇంట్లో హీటరు కొనాలనే ఆలోచన వస్తుంది. ప్రకటనల్లో తరచుగా కనబడే నాలుగు మాటలను పరిశీలిద్దాము.

1. "కరెంటు తక్కువ, వేడి ఎక్కువ."
కాయిల్, ఫ్యాన్, ఆయిల్ హీటర్లు ఏవైనా తీసుకున్న కరెంటును దాదాపు అంతా వేడిగానే మారుస్తాయి. కాబట్టి 1000 వాట్ల హీటరు ఖరీదు ఎంతైనా అది ఇచ్చే వేడి ఒక్కటే. గంటకు ఒక యూనిట్ కాలుతుంది. 2000 వాట్లది 8 గంటలు ఆగకుండా నడిస్తే 16 యూనిట్లు.

2. "చిన్న హీటరు, ఇల్లంతా వెచ్చదనం."
ప్లగ్గులోనే పెట్టే చిన్న హీటర్లలో 400 వాట్లవి ఉన్నాయి. ఊరకే కూర్చున్న మనిషి శరీరం నుండే సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే గదిలోకి మరో నలుగురు వచ్చి కూర్చున్నంత వేడి! దగ్గరగా ఉంటే చేతులు వెచ్చబడతాయి గాని ఇల్లంతా వేడెక్కదు.

3. "ఆక్సిజన్ తగ్గించదు."
ఇది ఒక్క కంపెనీ గొప్ప కాదు. కరెంటు హీటరులో ఏదీ మండదు. అసలు ప్రమాదం బొగ్గుల కుంపటి, గ్యాస్, కిరోసిన్ హీటర్లతో. మూసిన గదిలో వాటి నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

4. "కీళ్లనొప్పులు, ఆయాసం నయం."
వెచ్చదనం నొప్పికి కాస్త ఉపశమనమే గాని వైద్యం కాదు. మందులు మానవద్దు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. వారు హీటరు ముందు కాళ్లు చాపుకొని కూర్చోకూడదు.

కొనేటప్పుడు: వాట్లు ఎన్నో చదవండి. ఐ.ఎస్.ఐ. ముద్ర, పడిపోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉన్నాయేమో చూడండి. 2000 వాట్లదానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. దుప్పట్లు, పరదాలు మూడడుగుల దూరంలో ఉంచండి.

హీటరు కొనలేని తల్లి దిగులుపడనక్కరలేదు. బిడ్డకు టోపీ, సాక్సులు తొడిగి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా ఉంచి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. బిడ్డ ముక్కు, నోరు మూసుకుపోకుండా చూడండి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు ఈ 'కంగారూ' పద్ధతి 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైంది. దీనికి పైసా ఖర్చు లేదు. బిడ్డ ఒళ్లు చల్లబడి, పాలు తాగకుండా మగతగా ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ప్రకటన మోసం చేసిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

విన్న ప్రతి మాటా నమ్మడం గురించి సామెతల గ్రంథము 14వ అధ్యాయము 15వ వచనము హెచ్చరిస్తుంది. డబ్బు కట్టే ముందు ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్