వెబ్‌సైటు పంపిన ఉత్తరం ఎక్కడ ఆగినట్లు?

తెలుగు సంఘాల వెబ్‌సైట్లలో ఉగాది సంబరాలకు పేర్లు నమోదు చేసుకొనే ఫారం ఉండటం పరిపాటి. వివరాలు నింపి మీట నొక్కగానే ఉత్తరం వెళ్ళినట్లు తెరపై కనిపిస్తుంది. కార్యదర్శికి మాత్రం ఏదీ అందదు. విందునాడు విస్తళ్ళ లెక్క తప్పుతుంది.

ఇటువంటి ఫారాలు పెక్కు పీహెచ్‌పీ భాషలో వ్రాసినవి. అందులోని 'మెయిల్' అనే ఫంక్షన్ ఉత్తరాన్ని గమ్యానికి చేర్చదు. యూనిక్స్ సర్వర్లలో సెండ్‌మెయిల్ వంటి ప్రోగ్రాముకు అప్పగించి ఊరుకుంటుంది. ఆ ప్రోగ్రాము పుచ్చుకుంటే చాలు, పని అయినట్లే జవాబిస్తుంది. తపాలా పెట్టెలో కవరు పడిన చప్పుడు వంటిదే ఆ జవాబు. కనుక మొదట చూడవలసినది తెర కాదు, సర్వరులోని మెయిల్ లాగ్. అది అందుబాటులో లేనిచో నిర్వాహకులను అడిగి తెప్పించుకోవలెను.

లాగ్‌లో ఉత్తరం జాడే లేకపోతే అది సర్వరు గడప దాటలేదన్నమాట. అనేకులు పంచుకొనే సర్వర్లలో దొంగ ఉత్తరాల భయంతో ఈ ఫంక్షన్‌ను నిషేధించటం కద్దు. 2020లో వెలువడిన 8వ వెర్షను నుండి, నిషిద్ధమైన ఫంక్షన్‌ను పిలిస్తే అసలు అటువంటిదే లేదన్న ఎర్రర్ వస్తుంది. మరొక చిక్కు ఇంతకన్నా గడుసుది. స్క్రిప్టును చేతితో నడిపితే ఉత్తరం వెళుతుంది, బ్రౌజరు ద్వారా వెళ్ళదు! రెడ్‌హ్యాట్ తరగతి లినక్స్‌లో 'ఎస్‌ఈలినక్స్' అనే కాపలాదారు వెబ్ సర్వరుకు ఉత్తరాలు పంపే అనుమతిని మామూలుగా ఇవ్వడు. ఆ ఒక్క అనుమతి ఇస్తే చాలును; కొందరు చేసినట్లు కాపలానే ఎత్తివేయటం అవివేకం.

బయటి సర్వరుతో సంబంధం కుదరక గడువు ముగిసిందన్న సందేశం వస్తే 25వ పోర్టును అనుమానించాలి. క్లౌడ్ సంస్థలు పెక్కు దానిని మూసి ఉంచుతాయి. ఉత్తరాల అప్పగింతకు 1998లో ప్రత్యేకించిన 587వ పోర్టు ద్వారా, పేరు, పాస్‌వర్డు ఇచ్చి పంపటం మేలు.

ఇక గడప దాటినా తిరస్కరణకు గురయ్యేవి ఉన్నాయి. ఫారం నింపినవారి చిరునామానే పంపినవారిగా చూపటం పాత అలవాటు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన చిరునామాతో ఇతర సర్వర్ల నుండి వచ్చే ఉత్తరాలను తిరస్కరించుమని ప్రకటించగా, అటువంటి ఫారాలు అనేకం మూగవోయాయి. పంపినవారి స్థానంలో సంఘం సొంత డొమైన్ చిరునామా ఉంచి, సభ్యుని చిరునామాను 'రిప్లై టు'లో వ్రాయాలి. ఆ సర్వరుకు పంపే హక్కు ఉన్నదని డొమైన్ రికార్డులలో ఎస్‌పీఎఫ్ పంక్తి చేర్చాలి.