దీపం జీవి ఎందుకు కాదు?

సందేహాలు - సమాధానాలు: జీవశాస్త్రం

*జీవులు కదులుతాయి, పెరుగుతాయి, శ్వాసిస్తాయి, ఆహారం తీసుకుంటాయి, విసర్జిస్తాయి, సంతానాన్ని ఇస్తాయి అని మా పాఠంలో ఉంది. మంట కూడా ఇవన్నీ చేస్తుంది కదా సార్! ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే అది సంతానమే కదా?*
*- తొమ్మిదో తరగతి విద్యార్థిని, నంద్యాల*

చాలా లోతైన ప్రశ్న వేశావమ్మా. పాఠంలోని ఆ జాబితా గుర్తుపట్టడానికి పనికొస్తుందే తప్ప, జీవం అంటే ఏమిటో చెప్పదు. మంట ఆక్సిజన్ తీసుకుంటుంది, నూనె తింటుంది, పొగ వదులుతుంది, పాకుతుంది. కానీ నువ్వుల నూనె దీపంతో కిరోసిన్ దీపం వెలిగించి చూడు. రెండో మంటకు మొదటిదాని పోలిక ఒక్కటీ రాదు. దాని రంగు, పొగ, వేడి అన్నీ తన నూనెను బట్టి, తన ఒత్తిని బట్టి ఉంటాయి. పిల్లి పిల్ల ఏ పాలు తాగి పెరిగినా పిల్లే అవుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే రాత ఒకటి, డీఎన్ఏ రూపంలో, దాని దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. మంటకు అలాంటి రాత లేదు.

రెండో తేడా శక్తిని వాడుకునే తీరులో ఉంది. మంట నూనెలోని శక్తినంతా వేడిగా, వెలుగుగా వదిలేస్తుంది. కణం అదే ఆహారాన్ని మెట్టు మెట్టుగా విడగొట్టి, వచ్చిన శక్తిలో కొంత భాగాన్ని ఏటీపీ అనే అణువులో పట్టి ఉంచుతుంది. ఆ శక్తితో తన పొరలు బాగుచేసుకుంటుంది, పాడైన భాగాలు మార్చుకుంటుంది. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ గ్రాముల్లోనే ఉంటుంది. విరిగినదాన్ని మళ్లీ మళ్లీ కూర్చుకుంటూ ఉండటంవల్ల రోజు మొత్తం లెక్క పదుల కిలోలకు చేరుతుంది. దోమలో, వేపచెట్టులో, పెరుగు తోడులో పనిచేసేదీ ఈ ఏటీపీయే. కండరంలో దీన్ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. తెలుగు పిల్లలందరికీ సుబ్బారావు గారి పేరు తెలియాలని నా కోరిక.

*నిరుటి విత్తనం వేరుశనగ ఒలిస్తే గింజ రాయిలా ఉంది. కదలదు, పెరగదు. ఇది బతికుందా, చచ్చిందా? బతికుంటే ఇన్ని నెలలు నీళ్లు లేకుండా ఎలా ఉంది?*
*- రైతు, కదిరి*

ఒక గింజను రెండు బద్దలు చేసి వెలుతురులో చూడండి. ఒక కొసన, బద్దల మధ్య చిన్న ముక్కు కనిపిస్తుంది. భూతద్దం పెడితే అందులో ముడుచుకున్న ఆకులు కూడా తెలుస్తాయి. మొక్క అదే. రెండు బద్దలూ దానికి కట్టి పంపిన సద్దిమూట. తేమ బాగా తగ్గితే కణంలో రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి, కాబట్టి తిండి ఖర్చూ దాదాపు ఉండదు. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన సుమారు 2,000 ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలిచింది.

అయితే గింజ నిద్రలో ఉన్నా నష్టం జరుగుతూనే ఉంటుంది. కణాల పొరలు, డీఎన్ఏ మెల్లగా చెడుతుంటాయి. వేరుశనగలో నూనె ఎక్కువ, ఆ నూనె చెడేకొద్దీ మొలక శాతం పడిపోతుంది. విత్తే ముందు దాకా కాయలుగానే ఉంచాలని పెద్దలు చెప్పేది అందుకే. పప్పు ఒలిచేశారంటే రక్షణ పోయినట్టే.

నీళ్లలో వేస్తే ఉబ్బింది కదా, బతికే ఉంది అనుకోకండి. చచ్చిన గింజా ఉబ్బుతుంది. బతికిన గింజ మాత్రం తడి తగిలిన మొదటి గంటల్లోనే చెడిన డీఎన్ఏను, పొరలను బాగుచేసుకునే పనికి దిగుతుంది. ఆ మరమ్మతు చేయగలిగిందా లేదా అన్నదే చావుబతుకుల తేడా. కంటితో చూసి చెప్పలేం. వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, తడి ఆరకుండా చూస్తూ, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. ఆ పని చేయకుండా విత్తనం పొలంలోకి తీసుకెళ్లకండి.

*షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటున్నాను. అది బ్యాక్టీరియాతో చేస్తారని మా మనవడు అంటాడు. మనిషి ఒంట్లో ఉండేదాన్ని తయారుచేయడం ఆ సూక్ష్మజీవికి ఎలా తెలుసు?*
*- విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్*

మీ మనవడు చెప్పింది నిజమేనండి. 1920ల నుంచి పశువుల, పందుల క్లోమం నుంచి ఇన్సులిన్ తీసేవారు. 1978లో ఈ.కోలై అనే బ్యాక్టీరియాతో మానవ ఇన్సులిన్ చేయించారు, 1982లో అది మందుగా వాడకంలోకి వచ్చింది. ఈస్ట్‌తో చేసేవీ ఉన్నాయి.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల ప్రొటీన్. ఏ ఆమ్లం తర్వాత ఏది రావాలో డీఎన్ఏలో మూడేసి అక్షరాల గుర్తులతో రాసి ఉంటుంది. ఏ గుర్తుకు ఏ ఆమ్లమో తేల్చిన కృషికి హరగోవింద్ ఖొరానా, నిరెన్‌బర్గ్, హోలీలకు 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే ఈ గుర్తుల పట్టిక అరటికి, గేదెకు, మీకు, ఈ.కోలైకి ఒక్కటే. అక్కడక్కడ చిన్న తేడాలున్నాయి, అంతే. కాబట్టి మనిషి ఇన్సులిన్ రాతను బ్యాక్టీరియాలో పెడితే అది తన రాతలాగే చదివి తయారుచేస్తుంది. అది మనిషిదని దానికి తెలియదు, తెలియనక్కర్లేదు.

ఇదే పట్టిక ఉండి తీరాలన్న నియమం రసాయనశాస్త్రంలో ఎక్కడా లేదు. వేరే పట్టికతోనూ జీవం నడవగలదు. అయినా అందరికీ ఒకటే ఉందంటే, ఒకే పూర్వీకుడి నుంచి వారసత్వంగా వచ్చింది కాబట్టి. ఆ పూర్వీకుడు 350 కోట్ల ఏళ్ల కిందటికంటే ముందువాడని అంచనా. మీరు రోజూ వేసుకునే సూది ఆ చుట్టరికం మీద ఆధారపడి పనిచేస్తోంది. నాకు జీవశాస్త్రంలో ఇంతకంటే గొప్ప విషయం కనిపించలేదు.

*వైరస్ జీవి అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.*
*- నర్సింగ్ విద్యార్థిని, కరీంనగర్*

కాదు. ఇది నా అభిప్రాయం. అవుననే శాస్త్రవేత్తలూ ఉన్నారు. దానిదీ మన గుర్తుల పట్టికే, వైరస్ కూడా తరతరానికీ మారుతుంది. కానీ అది సొంతంగా ఏటీపీ చేసుకోలేదు, ప్రొటీన్ చేసుకోలేదు, చెడితే బాగుచేసుకోలేదు. అన్నింటికీ అది సోకిన కణమే కావాలి. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను ఉప్పులా స్ఫటికాలుగా మార్చాడు. ఆ తర్వాత కూడా అవి ఆకులకు తెగులు తెప్పించాయి. ఇక వార్డులో మీరు సబ్బుతో చేతులు కడుక్కోవడం ఎందుకంటే, కరోనా వంటి వైరస్‌ల పైనుండే కొవ్వు పొరను సబ్బు చీల్చేస్తుంది. ఆ పొర కూడా అది సోకిన కణం నుంచి తెచ్చుకున్నదే.

*కంచర గాడిదకు పిల్లలు పుట్టవు. అయితే అది జీవి కాదా?*
*- పాఠకుడు, అనంతపురం*

నిస్సందేహంగా జీవే. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు. వీటికి పుట్టినదానికి 63. అవి జతకూడక అండాలు, వీర్యకణాలు సరిగా తయారుకావు. అంతవరకే లోటు. దాని చర్మానికి గాయమైతే కణాలు విభజన చెంది మాన్పుతాయి, తిన్న గడ్డిలోని శక్తితో ఏటీపీ తయారవుతుంది. ఆ కణాలన్నీ తల్లీతండ్రీ ఇచ్చిన రాతను చదువుకుంటూనే ఉంటాయి.