బహిష్టు ఎక్కువైతే గర్భసంచి తీసేయాలా?



ఇంట్లో ఆడవారి బహిష్టు బాధ మగవారికి తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది. ఆమె కళ్లు తిరిగి పడిపోయాకో, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తున్నప్పుడో ఆసుపత్రికి తీసుకొస్తారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 6 గ్రాములు ఉంటుంది. 12 ఉండాలి. అప్పుడు పక్కనున్న బంధువులు, "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది" అంటారు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని రక్తస్రావం గల స్త్రీ పన్నెండేళ్లు బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, చివరికి జనం మధ్య చాటుగా వచ్చింది. మన ఇళ్లలో కూడా ఈ బాధను ఇంకా చాటుగానే మోస్తున్నారు.

బహిష్టు 7, 8 రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చవలసి వచ్చినా, పది రూపాయల బిళ్లకన్నా పెద్ద గడ్డలు పడినా అది ఎక్కువ రక్తస్రావమే. "మా అమ్మకూ ఇలాగే అయ్యేది" అని ఊరుకోవద్దు.

కారణం అందరికీ ఒకటి కాదు. కొత్తగా రజస్వలైన పిల్లలకు, బహిష్టులు ఆగిపోయే వయసు వారికి అండం నెలనెలా సరిగా విడుదల కాదు. అందువల్ల గర్భసంచి లోపలి పొర మందమై ఒకేసారి విరివిగా పోతుంది. కొందరికి గర్భసంచిలో కణుతులుంటాయి. థైరాయిడ్ లోపం, రక్తం గడ్డకట్టడంలో లోపం, కాపర్-టి కూడా కారణం కావచ్చు. కొన్నిసార్లు అది తెలియకుండా వచ్చిన గర్భం పోవడం కావచ్చు. అందుకే ముందు గర్భపరీక్ష, రక్తపరీక్షలు, స్కానింగ్ చేస్తారు. 45 ఏళ్లు దాటినవారికి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పెళ్లికో పండుగకో బహిష్టు వాయిదా వేయడానికి మందుల షాపులో మాత్రలు కొని మింగే అలవాటు మానండి. అవి డాక్టరును అడిగి వాడవలసినవి.

చాలామందికి మందులతోనే తగ్గుతుంది. ట్రానెగ్జామిక్ ఆసిడ్ మాత్రలు బహిష్టు రోజుల్లో మాత్రమే వేసుకోవాలి. ఎప్పుడైనా కాలిలో రక్తం గడ్డకట్టి ఉంటే ముందే చెప్పాలి. హార్మోను మాత్రలున్నాయి. హార్మోను లూపు కూడా ఉంది. కాపర్-టి రక్తస్రావాన్ని పెంచితే ఇది తగ్గిస్తుంది, కొన్నేళ్లు పనిచేస్తుంది. రెండూ ఒకటేనని భయపడకండి. ఐరన్ మాత్రలు నిమ్మరసంతో మంచివి, టీ కాఫీలతో వద్దు. విరేచనం నల్లగా వస్తే కంగారు పడనక్కరలేదు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా మూడు నెలలు వాడాలి.

కణుతులు పెద్దవైనప్పుడు, మందులు పనిచేయనప్పుడు, కేన్సరు ఉన్నప్పుడు ఆపరేషన్ అవసరమే. కానీ దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీస్తే, ఆంధ్ర, తెలంగాణలలో 8, 9 మందికి తీశారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అనవసరమైన ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. "గర్భసంచికి పుండు ఉంది, కేన్సరవుతుంది" అన్న ఒక్క మాటకే అప్పు చేసి ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. పాప్ పరీక్ష అయిందా అని అడగండి, ఇంకో డాక్టరుకు చూపించండి. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఒళ్లు ఆవిర్లు, ఎముకల బలహీనత, గుండె జబ్బు ముప్పు వస్తాయి.

బహిష్టులు ఆగిపోయి ఏడాది దాటాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత కనిపించినా వెంటనే రావాలి.

వచ్చేటప్పుడు తేదీలు గుర్తుపెట్టిన క్యాలెండరు, వాడిన మందుల చీటీలు, పాత స్కానింగ్ కాగితాలు తీసుకురండి. మొదటిసారి భర్త కూడా వెంట వస్తే మంచిది.